అనంతపురంలో ఆదివారం ప్రపంచ చరిత్ర బ్యాచ్: క్లాసు కోసం చేరండి, బిట్ల కీ మాత్రం నమ్మొద్దు

సివిల్స్ మెయిన్స్‌కి చదివేవాళ్ళలో చాలామంది ప్రపంచ చరిత్రని ఆఖర్లో చూసుకుందాంలే అని పక్కన పెడతారు. మన ఊళ్ళో దానికోసం విడిగా ఆదివారాలు ఒక బ్యాచ్ నడుస్తోంది, ఫీజు 3,500. పెద్ద సెంటర్ కాదు, బోర్డు కూడా సరిగ్గా కనపడదు. జర్మనీలో పార్లమెంటు ఉండగానే నియంతృత్వం ఎట్లా వచ్చిందో చెప్పే క్లాసుల కోసమైనా ఇందులో చేరొచ్చు. నేను ఉద్యోగం చేసుకుంటూ చదువుతున్నా, ఇంతకుముందు ఆన్‌లైన్‌లో ఇదే టాపిక్ రెండు మూడు చోట్ల విన్నా, అన్నిచోట్లా హిట్లర్ గొప్పగా మాట్లాడేవాడు, జనం మోసపోయారు, అయిపోయింది. ఇక్కడ సార్ హిట్లర్ పేరు ఎత్తడానికే చాలాసేపు పట్టింది.

ఆయన మొదలుపెట్టింది 1930 మార్చి నుంచి. హెర్మన్ ముల్లర్ సంకీర్ణ ప్రభుత్వం పడిపోయింది, కారణం నిరుద్యోగ బీమాకి కట్టే వాటా పెంచాలా వద్దా అన్న గొడవ. తర్వాత ఛాన్సలర్‌గా (మన ప్రధాని లాంటి పదవి) వచ్చిన బ్రూనింగ్‌కి సభలో మెజారిటీ లేదు. జులైలో ఆయన బడ్జెట్‌ని సభ ఒప్పుకోకపోతే, రాజ్యాంగంలోని 48వ అధికరణం కింద అధ్యక్షుడు హిండెన్‌బర్గ్ సంతకంతో అత్యవసర ఉత్తర్వుగా తెచ్చారు. ఉత్తర్వుని రద్దు చేయమని అడిగే హక్కు సభకి అదే 48లో ఉంది. సభ ఆ హక్కు వాడి రద్దు చేయమంది, వెంటనే అధ్యక్షుడు 25వ అధికరణం వాడి సభనే రద్దు చేశాడు. రెండూ రాజ్యాంగంలో ఉన్నవే. సెప్టెంబర్‌లో ఎన్నికలు పెడితే నాజీలు 12 సీట్ల నుంచి 107కి పోయారు.

ఇక్కడ సార్ బోర్డు మీద ఒక చిన్న పట్టిక వేశాడు. 1930లో పార్లమెంటు చేసిన చట్టాలు 98, 1932లో 5. సభ కూర్చున్న రోజులు 94 నుంచి 13కి. నాకు ఆ పట్టిక చూశాక మొత్తం కథ తిరగబడినట్టయింది. హిట్లర్ ఛాన్సలర్ అయ్యేనాటికి చట్టసభ దాదాపు ఖాళీ బిల్డింగు, రెండున్నరేళ్ళుగా దేశం ఉత్తర్వుల మీద నడుస్తోంది, జనం దానికి అలవాటు పడిపోయారు. ఒకవైపు అరవై లక్షలమంది నిరుద్యోగులు, ఇంకోవైపు సోషల్ డెమోక్రాట్లూ కమ్యూనిస్టులూ ఒకరినొకరు తిట్టుకుంటూ కూర్చున్నారు. 1932 జులై 20న, బ్రూనింగ్ తర్వాత ఛాన్సలర్ అయిన పాపెన్ ప్రభుత్వం ప్రష్యా రాష్ట్ర ప్రభుత్వాన్ని ఒక్క ఉత్తర్వుతో తీసేసింది, జర్మనీ జనాభాలో సగానికి పైగా ఉండేది ఆ రాష్ట్రంలోనే. మన రాజ్యాంగంలో రాష్ట్రపతి పాలన పెట్టే 356వ అధికరణంతో పోల్చి చెప్తే ఒక్క నిమిషంలో ఎక్కింది. ధర్మవరం నుంచి వచ్చే ఒక అమ్మాయి లేచి, "మరి అంతమంది ఉండి చూస్తా ఊరుకున్నారా సార్?" అని అడిగింది. "కోర్టుకు పోయినారమ్మా, కోర్టు చూసుకుంటుందిలే అనుకున్నారు" అన్నాడాయన.

పౌరుల హక్కుల్ని పక్కన పెట్టిన 1933 ఫిబ్రవరి 28 నాటి ఉత్తర్వుని సార్ చెప్పిన పద్ధతి గురించి వివరంగా రాయాలి. అంతకు ముందు రాత్రే పార్లమెంటు భవనం తగలబడింది. సార్ బోర్డు మీద జర్మన్ రాజ్యాంగంలోని ఏడు అధికరణాల నంబర్లు రాశాడు: 114, 115, 117, 118, 123, 124, 153. ఒక్కో నంబరు పక్కన ఒక్కొక్కరిని పిలిచి అదేంటో రాయించాడు. మనిషి స్వేచ్ఛ, ఇంట్లోకి జొరబడకుండా రక్షణ, ఉత్తరాల గోప్యత, మాట్లాడే హక్కు, సభ పెట్టుకునే హక్కు, సంఘం పెట్టుకునే హక్కు, ఆస్తి. ఉత్తర్వులో మొదటి పేరా చదువుతూ డస్టర్‌తో ఏడూ తుడిచేశాడు, అంతా కలిపి ఒక నిమిషం కూడా పట్టలేదు. పక్కనే మిగిలిన ఖాళీలో మన రాజ్యాంగంలోని 19, 21, 22 అధికరణాలు రాసి, వీటిల్లో ఏది దేనికి సమానమో ఇంటి దగ్గర రాసుకుని రమ్మన్నాడు. ఆ హోంవర్క్ చేస్తే పాలిటీ పేపర్‌కి కూడా పనికొస్తుంది, నిజంగా కూర్చుని చేయండి.

తర్వాత మార్చి 23 ఓటింగ్. ప్రభుత్వమే పార్లమెంటు లేకుండా చట్టాలు చేసుకునే అధికారం కావాలని బిల్లు, దానికి మూడింట రెండొంతులు కావాలి. కమ్యూనిస్టుల 81 మందిని సభలోకే రానీయలేదు. సోషల్ డెమోక్రాట్లలో కొందరు జైల్లో, కొందరు పారిపోయి ఉన్నారు, మిగిలిన 94 మంది వ్యతిరేకంగా ఓటేశారు, అనుకూలం 444. సార్ ఊరికే అంకెలు చెప్పి వదల్లేదు, మొత్తం 647 మందీ వచ్చి ఉంటే ఏమయ్యేదో లెక్క కట్టమన్నాడు. కావాల్సింది 432, కాబట్టి అప్పుడూ 444తో పాసయ్యేదే. కానీ ఆ 444లో క్యాథలిక్కుల సెంటర్ పార్టీవి 70కి పైగా ఉన్నాయి, నిండు సభలో అవి తీసేస్తే బిల్లు పోయేది. ఆ పార్టీ నాయకుడు కాస్, హిట్లర్ రాతపూర్వకంగా హామీ ఇస్తాడని ఎదురుచూశాడు, ఆ ఉత్తరం రానే లేదు, అయినా ఓటేశారు. బయటా లోపలా యూనిఫాం వేసుకున్న నాజీ దళాలు నిలబడి ఉండగా ఒట్టో వెల్స్ అనే సోషల్ డెమోక్రాట్ లేచి, మా స్వేచ్ఛనీ ప్రాణాన్నీ తీసుకోవచ్చు, గౌరవాన్ని తీసుకోలేరు అన్నాడు. ఆ మాట చదివేటప్పుడు సార్ గొంతు మారింది, క్లాసులో ఎవరూ కదల్లేదు. జులై 14కల్లా నాజీ పార్టీ తప్ప ఇంకో పార్టీయే ఉండకూడదని చట్టం వచ్చేసింది.

ఇదంతా అయ్యాక మన 1975 ఎమర్జెన్సీకి వచ్చారు. ఇక్కడ మన జిల్లా వాళ్ళకి లాభం, ఎందుకంటే ఉదాహరణలన్నీ మనవే. 1952 ఎన్నికల్లో కమ్యూనిస్టు నాయకుడు తరిమెల నాగిరెడ్డి జైల్లో ఉండి, సొంత బావ, అప్పటి కాంగ్రెస్ నాయకుడు నీలం సంజీవరెడ్డిని అనంతపురంలో ఓడించాడు. అదే నాగిరెడ్డి ఎమర్జెన్సీలో అజ్ఞాతంలో ఉండగానే 1976లో చనిపోయాడు. సంజీవరెడ్డి 1977లో జనతా పార్టీ తరఫున నంద్యాల నుంచి గెలిచాడు, అప్పటి ఉమ్మడి రాష్ట్రంలో 42 లోక్‌సభ సీట్లలో కాంగ్రెస్‌కి రానిది అదొక్కటే. ఉత్తరాదిలో ఎమర్జెన్సీ మీద జనం తిరగబడి ఓటేస్తే మన రాష్ట్రం 41 ఇచ్చింది, ఎందుకిట్లా అని క్లాసులో పెద్ద వాదనే నడిచింది. ఒకాయన తన తాతకి వచ్చిన భూమి పట్టా గురించి చెప్పాడు, ఇంకొకాయన పేపర్ల మీద సెన్సార్ ఉంటే ఊళ్ళకి వార్త ఎట్లా తెలుస్తుందన్నాడు. సార్ తీర్పు చెప్పలేదు, నాకు ఆయన పద్ధతిలో నచ్చింది అదే. నా మటుకు నాకు రెండో ఆయన మాటే సబబనిపించింది. ఎమర్జెన్సీ అయ్యాక వచ్చిన రాజ్యాంగ 44వ సవరణ తర్వాత ఏం మారింది, ఎమర్జెన్సీ ప్రకటించడానికి క్యాబినెట్ రాతపూర్వక సలహా ఎందుకు పెట్టారు, 20, 21 అధికరణాల్ని ఎందుకు సస్పెండ్ చేయలేరు, ఇవన్నీ జర్మనీ కథ విన్నాక బట్టీ పట్టకుండానే గుర్తుంటున్నాయి.

ఇంక ఫిర్యాదులు. హాలు ఇరుకు, ఎండాకాలంలో వెనక బెంచీలకి ఫ్యాన్ గాలి రాదు, కళ్యాణదుర్గం, ధర్మవరం బస్సుల్లో వచ్చేవాళ్ళకి తొమ్మిదికే క్లాసు మొదలవడం కష్టం (కింద హోటల్లో ఉగ్గాని బాగుంటుంది, తినే టైమ్ ఉండదు). ఇవి పెద్ద విషయాలు కావు. మెటీరియల్ మాత్రం బాగాలేదు. తెలుగు మీడియం కాపీని ఇంగ్లీషు నోట్సు నుంచి ఎవరో హడావుడిగా మార్చారు, వాక్యాలు అర్థం కావు, తెలుగులో రాసేవాళ్ళు సార్ చెప్పింది నోట్సు రాసుకోవడం తప్ప దారి లేదు.

దానికంటే ఘోరం వారం పరీక్ష బిట్ల కీ. "హిట్లర్ ఛాన్సలర్ ఎలా అయ్యాడు" అన్న బిట్‌కి "ఎన్నికల్లో మెజారిటీ సాధించి" అని జవాబు ఇచ్చారు. అది తప్పు. 1932 జులైలో నాజీలకి 37.3 శాతం, 230 సీట్లు, నవంబర్‌లో అవి 196కి తగ్గాయి కూడా. 1933 జనవరి 30న హిండెన్‌బర్గ్ నియమించాడు, పాపెన్ లాంటివాళ్ళు మనం వెనకుండి నడిపించుకోవచ్చని రాజీ కుదిర్చారు, ఆ క్యాబినెట్‌లో హిట్లర్ కాక నాజీలు ఇద్దరే. ఎదుటి పార్టీల వాళ్ళని జైల్లో వేసి బెదిరించి పెట్టిన మార్చి ఎన్నికల్లో కూడా వాళ్ళకి 43.9 శాతమే. క్లాసులో రెండు ఆదివారాలు పాటు సార్ చెప్పింది ఇదే, మెజారిటీ జర్మన్లు ఎప్పుడూ స్వేచ్ఛగా ఓటేసి ఆయన్ని తెచ్చుకోలేదు, తలుపు తీసింది పైనున్నవాళ్ళు అని. అదే సెంటర్ ప్రింట్ చేసిన కాగితం దానికి ఉల్టా చెప్తోంది. క్లాసుకి రాకుండా బిట్లు మాత్రమే కొనుక్కుని చదివే పిల్లలు ఉన్నారు, వాళ్ళ బుర్రలో అదే ఉండిపోతుంది, అందుకే నాకు కోపం. ఆఫీసులో చెప్తే వచ్చే ప్రింటుకి చూస్తామన్నారు, తర్వాతి వారం కూడా అదే కాగితం పంచారు.

క్లాసుకి అయిదుకి అయిదు ఇస్తా, మెటీరియల్‌కి రెండు కూడా ఎక్కువే. ఫీజు ఒకేసారి కట్టమంటారు, అడిగితే రెండు వాయిదాలకి ఒప్పుకుంటున్నారు. డెమో క్లాసుకి డబ్బులు తీసుకోరు, ముందు అది విని చూడండి. చేరేటప్పుడు ఆ బిట్ కీ సరిచేశారా అని కౌంటర్‌లో తప్పకుండా అడగండి, నేనొక్కడినే అడిగితే వినలేదు, ఇంకో పదిమంది అడిగితే మారుస్తారు.