నలిగిన దారా, కొత్త దారా?

ఏ పనికైనా అందరూ పాటించే పాత పద్ధతి నలిగిన దారి, ఇంతవరకూ ఎవరూ నడవనిది కొత్త దారి. రెండింటినీ పోల్చి చూద్దాం.

ఖర్చు: నలిగిన దారిలో లెక్క ముందే తెలుస్తుంది, పోటీ కూడా అక్కడే కిక్కిరిసి ఉంటుంది. కొత్త దారిలో తప్పులకూ డబ్బు పక్కన పెట్టాలి.

శ్రమ: మొదటిదానిలో పని చేస్తే చాలు. రెండోదానిలో పని చేస్తూనే అందరినీ ఒప్పించాలి. అసలు అలసట అదే.

నష్టభయం: తాకట్టు లేనిదే అప్పివ్వకూడదన్నది బ్యాంకుల పాత సూత్రం. బంగ్లాదేశ్‌లో 1983లో బ్యాంకుగా మారిన గ్రామీణ్ దాన్ని తిరగేసి, ఆస్తి లేని మహిళలకు అప్పులిచ్చింది. అలాగని గుడ్డిగా ఇవ్వలేదు. ఐదుగురి బృందం, వారం వారం వాయిదా పెట్టింది. చాలామంది తెగువను మెచ్చుకుని ఈ కట్టుదిట్టాన్ని మరిచిపోతారు.

దానం: ఇక్కడ నలిగిన దారి శాశ్వత నిధి. అసలు ముట్టుకోకుండా రాబడితోనే తరాలపాటు నడుస్తుంది. అమెరికా వ్యాపారవేత్త చక్ ఫీనీ మాత్రం బతికుండగానే 800 కోట్ల డాలర్లు పంచి, 2020లో తన దాన సంస్థనే మూసేశారు.

చేతిలో మిగులు లేనివారికి నలిగిన దారే మేలు. పాత పద్ధతి ఎవరిని వదిలేస్తోందో కళ్లారా చూసి, కొన్నాళ్లు నష్టం ఓర్చుకోగలవారికి కొత్తది.