షికాగో చలి, డల్లాస్ వడగళ్లు: ఊరు మారేముందు వారం రోజులు వెళ్లి చూడాల్సినవి

అమెరికాలో ఊరు మారదామనుకునేవాళ్లు ముందు లెక్కేసేది చేతికొచ్చే జీతం, ఆ తర్వాత అక్కడ మనవాళ్లెంతమంది అని. ఈ రెండూ ఇంట్లో కూర్చునే తెలుస్తాయి. వెళ్తేగానీ తెలియనిది, మామూలు మంగళవారం పొద్దున ఏడున్నరకి బయల్దేరితే ఆఫీసుకి ఎంతసేపు పడుతుందనేది. అదీ ఆ ఊరి చెడ్డ నెలలో. డల్లాస్‌ని ఆగస్టులో, షికాగోని జనవరి చివర్లో, సియాటిల్‌ని డిసెంబరులో చూడాలి. సియాటిల్‌ని జూలైలో చూసొచ్చి మురిసిపోయినవాళ్లు చూసింది వేరే ఊరు.

హైబ్రిడ్ ఆఫీసులు ఎక్కువగా మంగళ, బుధ, గురువారాల్లోనే నిండుతాయి. ఆదివారం దిగి శుక్రవారం తిరిగొచ్చేలా టికెట్లు తీసుకుంటే ఆ మూడు రోజులూ దొరుకుతాయి. బస ఎయిర్‌పోర్ట్ దగ్గర పెట్టుకుంటే దండగ. ఏ సబర్బ్‌లో ఉండాలనుకుంటున్నారో అక్కడే, స్టవ్ ఉన్న ఎక్స్‌టెండెడ్ స్టే హోటల్ చూసుకోవాలి. గిన్నెలు గదిలో ఉంటాయా, అడిగితే ఇస్తారా అన్నది బుక్ చేసేముందే కనుక్కోండి. ఆ గదుల్లో చిమ్నీ ఉన్నా చాలాసార్లు పొగ బయటికి పోదు. ఎండుమిర్చి తాలింపు పెడితే స్మోక్ అలారం మోగడం ఖాయం. ఆఫీసులున్న ప్రాంతాల్లో హోటల్ ధర వారం మధ్యలో పెరిగి శని, ఆదివారాల్లో తగ్గుతుంది, టూరిస్టు ఊళ్లకి సరిగ్గా తలకిందులుగా. ఇల్లు దొరికేదాకా నెలకి పైగా హోటల్లోనే ఉండాల్సివస్తే టెక్సస్‌లో ఒక వెసులుబాటుంది: వరసగా 30 రోజులు, అంతకు మించి ఉంటామని చెకిన్ రోజే రాతపూర్వకంగా ఇస్తే హోటల్ టాక్స్ మొదటి రోజు నుంచీ పడదు. ఆ కాగితం ఇవ్వకపోతే మొదటి 30 రోజులకీ కట్టాల్సిందే.

డల్లాస్ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే తెలుగువాళ్లు ఎక్కువగా వచ్చేదీ, వచ్చాక లెక్క తప్పేదీ ఇక్కడే. రాష్ట్ర ఇన్‌కమ్ టాక్స్ లేదన్న మాట నిజమే. కానీ ఇల్లు కొంటే ప్రాపర్టీ టాక్స్ చాలా సబర్బ్‌లలో ఏటా విలువలో 2 శాతం చుట్టూ తిరుగుతుంది. కొత్త కాలనీల్లో నీళ్లకీ డ్రైనేజీకీ వేసే మడ్ టాక్స్ దాని మీద అదనం. ఇల్లు చూసేటప్పుడు "మొత్తం టాక్స్ రేటెంత, మడ్ ఉందా" అని ఏజెంట్‌ని అడగండి, నోటిమాటగా కాదు, కాగితం మీద. కొత్తగా కట్టిన ఇంటికి ఇంకో చిక్కుంది. మొదటి ఏడాది టాక్స్ ఒక్కోసారి ఖాళీ స్థలానికే పడుతుంది. దాంతో ఇంటి లోన్ నెలవారీ కంతు తక్కువగా కనిపిస్తుంది. రెండో ఏడాది ఇంటి విలువ కూడా కలిశాక ఎస్క్రోలో (టాక్స్ కట్టడానికి లోన్ కంపెనీ మన కంతులోంచి పక్కన పెట్టే ఖాతా) లోటొచ్చి కంతు వందల డాలర్లు ఎగబాకుతుంది. ఇల్లు పూర్తయినట్టే లెక్కేసి మొదటి నుంచీ పక్కన పెట్టుకోవడమే దీనికి మార్గం.

ఇన్సూరెన్స్‌లో వడగళ్ల డిడక్టబుల్ వేరుగా ఉంటుంది, సాధారణంగా 1 లేదా 2 శాతం. 5 లక్షల డాలర్లకి ఇన్సూర్ చేసిన ఇంటికి 2 శాతమంటే, పైకప్పు దెబ్బతిన్నప్పుడు మొదటి 10 వేల డాలర్లు మన జేబులోంచే. ఇక్కడి నల్లటి బంకమట్టి తడికి ఉబ్బుతుంది, ఎండకి కుంచించుకుపోయి బీటలు వారుతుంది. పాత ఇల్లు చూసేటప్పుడు తలుపుల పై మూలల్లో ఏటవాలు పగుళ్లున్నాయేమో, తలుపు గడపకి పట్టేస్తోందేమో చూడండి. ఫౌండేషన్ కదిలిందనడానికి అవే మొదటి గుర్తులు.

అద్దెకుండేవాళ్లకి తలనొప్పి కరెంటు. చాలాచోట్ల కంపెనీని మనమే ఎంచుకోవాలి. ప్రతి ప్లాన్‌కీ ఫ్యాక్ట్స్ లేబుల్ ఉంటుంది, అందులో 500, 1000, 2000 యూనిట్లకి ధరలు విడివిడిగా ఇస్తారు. 1000 దగ్గర మాత్రమే చవగ్గా కనిపిస్తే అది బిల్ క్రెడిట్ ప్లాన్, అంటే 1000 యూనిట్లు వాడితేనే బిల్లులో తగ్గింపు. 990 యూనిట్లు వాడిన నెల ఆ క్రెడిట్ పోయి బిల్లు ఎక్కువొస్తుంది. మూడు చోట్లా దగ్గర దగ్గరగా ఉన్న ధరే మేలు. ఫ్రిస్కో, లిటిల్ ఎల్మ్ సబర్బ్‌లలో కొన్ని వీధులు కోసర్వ్ అనే సహకార సంస్థ కిందికి వస్తాయి, అక్కడ ఎంచుకునే బాధ లేదు.

డార్ట్ రైలు ప్లేనో దాకా ఉంది, ఫ్రిస్కోకి లేదు. కాబట్టి ఫ్రిస్కో అంటే ఇంటికి రెండు కార్లు, రోజూ టోల్. టోల్‌టాగ్ లేకుండా పోతే దాదాపు రెట్టింపు పడుతుంది. చూడ్డానికి వెళ్లినప్పుడు తీసుకునే అద్దె కారుకైతే కారు కంపెనీ దాని మీద సొంత ఫీజు కూడా వేస్తుంది. మ్యాప్‌లో "టోల్ వద్దు" పెట్టుకుని ఒకసారి, టోల్ మీద ఒకసారి ఆఫీసుకి వెళ్లి చూస్తే, దేవాలయమూ దోసెల హోటలూ దగ్గరున్నాయని ఫ్రిస్కో తీసుకోవాలా, ఆఫీసు దగ్గరుందని అర్వింగ్ తీసుకోవాలా అన్నది తేలిపోతుంది.

న్యూజెర్సీలో కార్లో తిరిగి చూడటం కన్నా రైల్లో వెళ్లి చూడటం ముఖ్యం. ఎడిసన్, ఇస్లిన్‌లలో ఉండి మన్‌హాటన్‌లో పనిచేసేవాళ్లకి మెట్రోపార్క్ స్టేషన్ ఆధారం. అక్కడ రైలెంతసేపు అని అడిగితే చాలదు. పార్కింగ్ ఎక్కడ దొరుకుతుంది, న్యూయార్క్ పెన్ స్టేషన్‌లో దిగాక ఆఫీసు ఎంత దూరం, ఇవి కలిపితేనే అసలు సమయం. జెర్సీ సిటీలో జర్నల్ స్క్వేర్ దగ్గర మన్‌హాటన్‌కి వెళ్లే పాత్ (PATH) రైలు ఉంది, పక్కనే మన అంగళ్లు, కానీ అదే అద్దెకి ఇల్లు చిన్నది. టాక్స్ విషయంలో గుర్తుంచుకోవాల్సిందొకటే: జెర్సీలో ఉండి న్యూయార్క్‌లో పనిచేస్తే న్యూయార్క్ రాష్ట్రానికి కడతారు, దానికి జెర్సీ తన టాక్స్‌లో క్రెడిట్ ఇస్తుంది. న్యూయార్క్ సిటీ టాక్స్ మాత్రం ఆ ఊళ్లో నివాసం ఉన్నవాళ్లకే.

కారు లేకుండా బతకాలనుకునేవాళ్లకి, నా లెక్కలో, షికాగో ఈ నాలుగింట్లో గిట్టుబాటు ఊరు. ఓహేర్ నుంచి డౌన్‌టౌన్‌కి బ్లూ లైన్ రాత్రింబగళ్లు నడుస్తుంది. నేపర్‌విల్ వైపు వెళ్తే మెట్రా రైలుంది, అరోరాలో బాలాజీ గుడి ఉంది. ఇల్లినాయి ఇన్‌కమ్ టాక్స్ అందరికీ ఒకే రేటు, 4.95 శాతం. పాత భవనాల్లో అద్దెలోనే హీటింగ్ కలిసి ఉంటుందేమో అడగండి, జనవరిలో ఆ తేడా గట్టిదే. కారుంటే మాత్రం జాగ్రత్త: డిసెంబరు 1 నుంచి ఏప్రిల్ 1 దాకా కొన్ని పెద్ద రోడ్ల మీద రాత్రి 3 నుంచి 7 వరకు పార్కింగ్ నిషేధం. మంచు పడినా పడకపోయినా లాక్కెళ్తారు.

సియాటిల్ వైపు జీతం మీద రాష్ట్ర టాక్స్ లేదు, కానీ సేల్స్ టాక్స్ 10 శాతం దాటింది. డిసెంబరులో సాయంత్రం నాలుగుంపావు దాటగానే పొద్దు గూకుతుంది. పాత అపార్ట్‌మెంట్లలో ఏసీ ఉండదు. 2021 జూన్‌లో అక్కడ 42 డిగ్రీలు దాటింది కాబట్టి ఇది చిన్న విషయమనుకోవద్దు. రెడ్‌మండ్, బెల్‌వ్యూ మధ్య లైట్ రైల్ వచ్చాక స్టేషన్‌కి నడిచి వెళ్లే దూరంలో ఇల్లు వెతకడం అర్థవంతమైన పని అయింది.

పిల్లలుంటే ఊరి పేరు చూసి స్కూల్ అనుకోవద్దు. ఆ ఇంటి చిరునామాని స్కూల్ డిస్ట్రిక్ట్ వెబ్‌సైట్లో వేసి చూడాలి. వీధి మారితే స్కూల్ మారుతుంది. కిండర్‌గార్టెన్‌కి టెక్సస్, ఇల్లినాయిలలో సెప్టెంబరు 1కి అయిదేళ్లు నిండాలి. జెర్సీలో ఆ తేదీ డిస్ట్రిక్ట్‌ని బట్టి మారుతుంది.

హెచ్1బీ మీద ఉన్నవాళ్లు లీజు మీద సంతకం పెట్టేముందు కంపెనీ లాయర్‌తో మాట్లాడాలి. పనిచేసే చోటు మరో మెట్రో ప్రాంతానికి మారితే అమెండ్‌మెంట్ పిటిషన్ వేయాలి, ఇంటి నుంచి పనిచేసినా సరే. అర్వింగ్ నుంచి ఫ్రిస్కోకైతే అక్కర్లేదు, షికాగో నుంచి ఫ్రిస్కోకైతే కావాలి. పిటిషన్ దాఖలయ్యాక కొత్త చోట పని మొదలుపెట్టొచ్చు, అనుమతి వచ్చేదాకా ఆగనక్కర్లేదు.

సామాను పంపేటప్పుడు మూవర్ దగ్గర బైండింగ్ ఎస్టిమేట్ (ముందు రాసిచ్చిన ధరకే కట్టుబడేది) తీసుకోండి. నాన్‌బైండింగ్ అయితే రాష్ట్రాలు దాటే సామానుకి దింపే రోజున ఎస్టిమేట్‌లో 110 శాతానికి మించి అడగకూడదన్నది ఫెడరల్ నియమం, మిగతాది తర్వాత బిల్లు వేయాలి. ఫోన్లో మాట్లాడుతున్నది లారీ ఉన్న కంపెనీయా, మధ్యలో బ్రోకరా అని ముందే అడిగి, యూఎస్‌డాట్ నంబర్ (ఫెడరల్ రవాణా శాఖ ఇచ్చే రిజిస్ట్రేషన్ నంబర్) రాసుకోండి.