సల్లనా, కూల్‌డ్రింకా?

ఎండాకాలం నల్లగొండ బస్టాండ్‌ల దిగిన కాలేజీ పిల్లల చెయ్యి ముందు కూల్‌డ్రింక్ మీదికే పోతది. దాంతోని ఒంట్లకు నీళ్లు చేరవని కాదు, చేరతయి. కానీ 250 మిల్లీలీటర్ల కోలాలో సుమారు 26 గ్రాముల చక్కెర ఉంటది. రోజుకు 25 గ్రాములు దాటకపోతే మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తది. ఒక్క సీసాతోనే లెక్క దాటిపాయె!

సల్లలో, అంటే మజ్జిగలో, చక్కెర కలపం. అల్లం దంచి, కరివేపాకు నలిపి, ఇంత ఉప్పేస్తే చెమటలో పోయిన ఉప్పు, నీళ్లు రెండూ ఒంటికి అందుతయి. నా ఓటు దీనికే.

కాకపోతే ఏ నీళ్లు పోసిన్రో అడగండి. మర్రిగూడ దిక్కు బోర్లల్ల ఫ్లోరైడ్ బాధ మన జిల్లాకు ఎరుకే. మరగబెట్టినా అది పోదు. నది నీళ్లు శుద్ధి చేసి ఇంటింటికిచ్చే సర్కారు పథకం మిషన్ భగీరథ నల్లా నీళ్లయితే ఇంకో గ్లాసు అడిగి తాగండి.