సబ్మిషన్ గ్రైండర్: హారర్ కథకు అండ, కవితకు సగం, బొమ్మకు ఏమీ లేదు

ఇంగ్లీషులో హారర్ కథలు, డార్క్ పొయెట్రీ రాసే తెలుగువాళ్లు హైదరాబాద్‌లోనూ ఉన్నారు, డాలస్‌లోనూ ఉన్నారు. రాయడం అయ్యాక అందరూ తడబడేది ఒక్కచోటే: దీన్ని ఎక్కడికి పంపాలి, ఎన్నాళ్లు ఎదురుచూడాలి? ఈ జానర్‌ను వేసేవి ఎక్కువగా అమెరికా, బ్రిటన్, కెనడాల్లోని చిన్న పత్రికలు. ఒకరో ఇద్దరో ఉద్యోగాలు చేసుకుంటూ నడిపేవి చాలా ఉంటాయి. కొన్ని రెండు సంచికలు తెచ్చి చప్పుడు లేకుండా ఆగిపోతాయి. వీటి జాడ పట్టుకోవడానికి ఉన్న సాధనాల్లో ది సబ్మిషన్ గ్రైండర్ అనే ఉచిత వెబ్‌సైటు గురించే ఈ సమీక్ష. పోల్చి చూడటానికి అదే పని చేసే డ్యూయోట్రోప్ అనే సైటు కూడా ఉంటుంది.

ముందు ఉన్నది డ్యూయోట్రోప్. 2005లో మొదలై చాలాకాలం ఉచితంగానే నడిచింది. 2013 జనవరి 1 నుంచి చందా పెట్టారు: నెలకు 5 డాలర్లు, ఏడాదికి 50. అదే నెలలో డయబాలికల్ ప్లాట్స్ పత్రిక నడిపే డేవిడ్ స్టెఫెన్ గ్రైండర్‌ను తెరిచారు. అప్పటినుంచి అది విరాళాల మీదే నడుస్తోంది, వాడుకునేవాళ్ల దగ్గర పైసా అడగదు. చూడటానికి పాతకాలపు సైటులా ఉంటుంది, ఫోన్‌లో కాస్త ఇబ్బంది పెడుతుంది. కంప్యూటర్ ముందు కూర్చుంటే ఏ కష్టమూ లేదు.

వెతకడం తేలిక. జానర్‌లో హారర్ పెట్టి, కథ ఎన్ని పదాలో ఇచ్చి, కనీస పారితోషికం ఎంచుకుంటే పత్రికల జాబితా వస్తుంది. ఇప్పుడు తలుపులు మూసి ఉన్నవాటిని పక్కన పెట్టమని కూడా చెప్పొచ్చు. పారితోషికాన్ని పదానికి ఇన్ని సెంట్లని లెక్కగట్టి ప్రొఫెషనల్, సెమీ ప్రో (మధ్యస్తం), టోకెన్ (నామమాత్రం) అని తరగతులుగా విడదీస్తారు. అమెరికా సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ రచయితల సంఘం 2019లో సభ్యత్వ అర్హతకు చూసే రేటును పదానికి 8 సెంట్లు చేసింది, ఇవాళ ప్రొఫెషనల్ అంటే అందరూ చెప్పుకునే గీత అదే. 2,000 పదాల కథకు ఆ లెక్కన 160 డాలర్లు, పదానికి ఒక సెంటు ఇచ్చే చోట 20 డాలర్లు. తేడా పెద్దదే, అందుకే పైనుంచి కిందికి పంపుకుంటూ రావాలనే పద్ధతి ఈ రంగంలో స్థిరపడింది. పెద్ద పత్రికల పేర్లు ముందు కనబడగానే కింది తరగతులను మరిచిపోవద్దు. వింత ఆకారంలో ఉన్న కథ, పేరాల మధ్య పద్యం నడిచే కథ, మరీ చిన్నది, మరీ పొడుగుది చోటు దొరకబుచ్చుకునేది చాలాసార్లు సెమీ ప్రో పత్రికల్లోనే.

జాబితాలో ఉన్న వివరాన్ని నమ్మి పంపడం మాత్రం కూడదు. గ్రైండర్‌ను చూసుకునేవాళ్లు కొద్దిమందే, చిన్న పత్రికల నియమాలు నెలనెలా మారతాయి. అక్కడి లింకు పట్టుకుని పత్రిక సొంత మార్గదర్శకాల పేజీకి వెళ్లి చివరిదాకా చదవాలి. ఈ జానర్‌లో సంపాదకులు వద్దనే సంగతుల చిట్టా ఒకటి ఉంటుంది: రక్తపాతం కోసమే రక్తపాతం, పసిపిల్లల మీద హింస, లైంగిక హింసను తమాషాగా చూపడం. ఆ చిట్టా ఏ డేటాబేస్‌లోనూ పూర్తిగా ఎక్కదు.

ఇక గ్రైండర్ అసలు విలువ. అది వెతుకులాటలో లేదు, జవాబుల గ్రాఫ్‌లో ఉంది. సభ్యులు తాము ఏ తేదీన పంపారో, ఎప్పుడు ఏ జవాబు వచ్చిందో నమోదు చేస్తారు. పేర్లు బయటపడవు, రోజుల లెక్క మాత్రం పత్రిక పేజీలో అందరికీ కనిపిస్తుంది. సగటు, మధ్యస్థం (వరుసలో నట్టనడిమి అంకె), తిరస్కరణలు ఒక రంగులో, స్వీకారాలు మరో రంగులో. సగటు కన్నా మధ్యస్థాన్ని చూడండి, ఎవరికో ఏడాది తర్వాత వచ్చిన ఒక్క జవాబు సగటును ఎక్కడికో లాక్కుపోతుంది.

ఉదాహరణకు ఒక పత్రిక గ్రాఫ్‌లో తిరస్కరణలు పది నుంచి ఇరవై రోజుల మధ్య గుట్టగా ఉన్నాయనుకుందాం. తర్వాత ఖాళీ. మళ్లీ అరవై నుంచి తొంభై రోజుల మధ్య అక్కడక్కడా గీతలు, స్వీకారాలన్నీ అక్కడే. అంటే మొదటి వడపోత చేసే పాఠకులు మూడు వారాల్లో చాలావాటిని తిప్పి పంపేస్తున్నారు, మిగిలినవి సంపాదకుల బల్ల మీద ఆగుతున్నాయి. మీ కథ వెళ్లి నలభై రోజులై జవాబు రాలేదంటే మొదటి గడప దాటి ఉండే అవకాశం ఎక్కువ. ఆ సమయంలో కంగారుపడి క్వెరీ (ఏమైందని అడిగే ఉత్తరం) రాయకూడదు. తొంభై రోజుల తర్వాత అడగమని నియమాల్లో ఉంటే తొంభై ఒకటో రోజున రెండు ముక్కల్లో అడగండి: కథ పేరు, పంపిన తేదీ, ఇంకా పరిశీలనలో ఉందా అన్న ప్రశ్న. అంతే.

గుట్ట ఒక్కటే ఉండి, స్వీకారాలూ తిరస్కరణలూ కలిసిపోయి ఉంటే ఈ ఊహ పనిచేయదు. అక్కడ ఒక్కరే వరుసగా చదువుతూ ఉండొచ్చు. క్లార్క్స్‌వరల్డ్ లాంటి పత్రిక రోజుల్లోనే జవాబిస్తుంది, అక్కడ ఆలస్యానికి అర్థం వేరు. అన్నిటికన్నా ముఖ్యంగా చూడాల్సింది ఇటీవలి జవాబుల వరుస. పంపకాలకు తెరిచి ఉన్నామని చెప్పే పత్రికకు నాలుగైదు నెలలుగా ఒక్క జవాబూ నమోదు కాలేదంటే, పెండింగ్‌లు మాత్రం పేరుకుపోతుంటే, ఆ పత్రిక ఊపిరి ఆగిందన్నమాట. ఆ సంగతి సంపాదకుడు ప్రకటించేలోపే గ్రాఫ్ చెప్పేస్తుంది. ఈ ఒక్కదాని కోసమైనా గ్రైండర్‌లో ఖాతా తెరవాలి.

ఈ అంకెలను తూచి చూడటం కూడా తెలియాలి. నమోదు చేసేవాళ్లు కొంచెం ఓపిక, పట్టుదల ఉన్న రచయితలు. స్వీకారం వచ్చినవాళ్లు ఉత్సాహంగా రాస్తారు, తిరుగుటపా వచ్చినవాళ్లలో కొందరు రాయడం మానేస్తారు. కాబట్టి ఇక్కడ కనిపించే స్వీకార శాతం అసలు కన్నా ఎక్కువే ఉంటుందని అనుకోవాలి. ఐదారు నివేదికలే ఉన్న పత్రిక సగటుకు ఏ అర్థమూ లేదు.

మీ వంతు నమోదు సరిగ్గా ఉంటేనే ఇదంతా పనికొస్తుంది. రచనను ఒకసారి పేరు, పదాల సంఖ్య, జానర్‌తో ఎక్కిస్తారు. ఆపైన పంపిన ప్రతిసారీ పత్రిక, తేదీ చేరుస్తారు. జవాబు రాగానే అది అందరికీ ఒకేలా పంపే ఫారమ్ తిరస్కరణా, సంపాదకుడు సొంతంగా నాలుగు మాటలు రాసిందా అన్నది సరిగ్గా ఎంచుకోండి. మర్యాదగా ఉన్న ప్రతి ఉత్తరమూ సొంత మాట కాదు. మీ కథలోని ఒక పాత్రనో సన్నివేశాన్నో ప్రస్తావించిందంటేనే అది సొంతంగా రాసింది. మూతపడిన పత్రికకు పంపినది పెండింగ్‌లో వదిలేయకుండా జవాబు రాలేదని గుర్తు పెట్టి మూసేయాలి, లేకపోతే మీ లెక్కా చెడుతుంది, అందరి లెక్కా చెడుతుంది. ఒకే కథను ఒకేసారి రెండుచోట్లకు పంపనిచ్చే పత్రికలైతే, ఒకచోట తీసుకోగానే అదే రోజు రెండోచోట వెనక్కి తీసుకోవాలి. ఇందులో ఒక్కసారి అశ్రద్ధ చేసినా ఆ సంపాదకుడు పేరు గుర్తుపెట్టుకుంటాడు.

కవిత దగ్గరికి వచ్చేసరికి గ్రైండర్ బలం సగమైపోతుంది. మొదటి కారణం, కవితలకు నివేదికలు తక్కువ. రెండోది, కవితకు చాలాచోట్ల పదానికి కాక కవితకు ఇంత అని ఇస్తారు, పదాల లెక్క మీద కట్టిన తరగతులు దానికి అతకవు. పైగా పత్రికలు మూడు నుంచి ఐదు కవితలను ఒకే ఫైలులో అడుగుతాయి. ఐదులో ఒకటి తీసుకుని నాలుగు తిప్పి పంపడం మామూలు. అందుకే కట్టను కట్టగా కాకుండా ఏ కవితకు ఆ కవితను విడిగా లెక్క రాసుకోండి, తీసుకున్న కవిత పొరపాటున మళ్లీ బయటికి వెళ్లకుండా ఉంటుంది. ఈ దారిలో ఏళ్లుగా నిలిచినవి ఉన్నాయి: సుజెట్ హేడెన్ ఎల్గిన్ 1978లో స్థాపించిన సైన్స్ ఫిక్షన్ పొయెట్రీ అసోసియేషన్ పత్రిక స్టార్‌లైన్, 1986 నుంచి డేవిడ్ కొపాస్కా మెర్కెల్ తెస్తున్న డ్రీమ్స్ అండ్ నైట్‌మేర్స్. ఇలాంటివాటికి గ్రాఫ్ కన్నా రెండు పాత సంచికలు కొని చదవడమే మంచి దారి. కవిత పాదం పొడుగు కూడా అప్పుడే తెలుస్తుంది. ఆరంగుళాల వెడల్పు పేజీలో మీ పొడుగు పాదం విరిగి రెండో వరుసలో పడితే ఆ కవిత రూపమే పోతుంది.

బొమ్మలు వేసేవాళ్లకు గ్రైండర్ ఉపయోగపడదు, అది రచనల కోసమే కట్టింది. డ్యూయోట్రోప్‌లో దృశ్యకళకు విడి విభాగం ఉంది, 5 డాలర్లు పెట్టాల్సింది అక్కడే. కాకపోతే ఏ జాబితా చెప్పని ఒక సంగతి చీకటి బొమ్మలు వేసేవాళ్లంతా తెలుసుకోవాలి. తెర మీద వెనుకనుంచి వెలుగు వస్తుంది కాబట్టి నలుపులో నలుపు, ముదురు నీలంలో దాగిన ముఖం అన్నీ కనిపిస్తాయి. అచ్చులో సిరా కాగితంలోకి పాకి నీడలు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి, ముఖం మాయమై నల్లటి పలక మిగులుతుంది. పంపేముందు తెర వెలుగు సగానికి తగ్గించి చూడండి. అప్పుడు కనిపించనిది కాగితం మీద అసలే కనిపించదు. కొన్ని చిన్న పత్రికలు వాడే ఇన్‌గ్రామ్‌స్పార్క్ అనే ముద్రణ సంస్థ నాలుగు రంగుల సిరా మొత్తం 240 శాతం దాటకూడదంటుంది. నిండు నలుపు కావాలంటే నీలం (సయాన్) 60, గులాబీ (మజెంటా) 40, పసుపు 40, నలుపు 100 అన్నది సరిగ్గా ఆ హద్దులో కూర్చుంటుంది. అసలు సైజులో 300 డీపీఐ (అంగుళానికి చుక్కలు), నాలుగు వైపులా అంగుళంలో ఎనిమిదో వంతు బ్లీడ్ (కత్తిరింపుకు వదిలే అదనపు అంచు). లోపలి పేజీలకైతే రంగుల బొమ్మను వాళ్లు నలుపు తెలుపు చేసేదాకా ఆగకుండా మీరే చేసి పంపండి, ఏ నీడ ఎంత ఉండాలో మీకు తెలిసినంతగా వాళ్లకు తెలియదు.

మనవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది మాత్రం ముందే అచ్చైన రచనల విషయంలో. ఫేస్‌బుక్‌లో అందరికీ కనిపించేలా పెట్టిన కవిత, బ్లాగులో పెట్టిన కథ, ప్రతిలిపిలో వచ్చిన సీరియల్, ఇవన్నీ చాలా పత్రికల లెక్కలో అచ్చైనట్టే. వాళ్లు కొనేది మొదటి ప్రచురణ హక్కు, అది అప్పటికే ఖర్చైపోయింది. తర్వాత తీసేసినా తిరిగి రాదు. అలాంటివాటిని గ్రైండర్‌లో రీప్రింట్ తీసుకునే పత్రికలను వెతికి, ఎక్కడ వచ్చిందో చెప్పి పంపుకోవచ్చు, డబ్బు తక్కువ వస్తుంది. తెలుగు దెయ్యం కథను ఇంగ్లీషులోకి అనువదించి పంపాలంటే మూల రచయిత అనుమతి రాతపూర్వకంగా ఉండాలి. మన దేశంలో కాపీరైటు రచయిత పోయాక 60 ఏళ్లదాకా నడుస్తుంది, కాబట్టి వారసులను అడగాల్సి వస్తుంది.

పేరు దగ్గర కూడా జాగ్రత్త. పత్రికలు అడిగే షన్ ఫార్మాట్‌ (రాతప్రతిని అమర్చే ఒక పద్ధతి)లో మొదటి పేజీ ఎడమ మూల అసలు పేరు, చిరునామా, కుడి మూల పదాల సంఖ్య, రెండో పేజీ నుంచి పైన ఇంటిపేరు, కథ పేరు, పేజీ నంబరు ఉంటాయి. మన ఇంటిపేరు ముందు వస్తుంది, లేదా ఒక్క అక్షరమై ఉంటుంది. ఫారంలో ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్ అనే రెండు గడులూ ఆలోచించి నింపండి. అసలు పేరు పాన్ కార్డులో ఉన్నట్టే ఉంటే డబ్బు వచ్చేటప్పుడు చిక్కు రాదు, అచ్చులో కనిపించాల్సిన పేరు కథ శీర్షిక కింద రాసుకోవచ్చు. డబ్బు ఎక్కువగా పేపాల్‌లో వస్తుంది. ఇండియా ఖాతాకు పాన్, బ్యాంకు ఖాతా, పర్పస్ కోడ్ (డబ్బు దేనికి వచ్చిందో తెలిపే సంకేతం) తప్పనిసరి. రుసుము, మారకంలో కోత పోగా 5 డాలర్ల కవితకు చేతికొచ్చేది బాగా తగ్గుతుంది. టైము లెక్క కూడా ఉంది. న్యూయార్క్ అర్ధరాత్రికి తెరుస్తామంటే మనకు చలికాలంలో ఉదయం పదిన్నర, వాళ్ల వేసవి సమయంలో తొమ్మిదిన్నర. మొదటి మూడు వందలే తీసుకుంటామనే పత్రిక దగ్గర మధ్యాహ్నందాకా ఆగితే తలుపు మూసుకుపోయి ఉండొచ్చు.

ఒప్పందంలో సర్వహక్కులు అన్న మాట కనిపిస్తే సంతకం ఆపి అడగండి. మొదటి ప్రచురణ హక్కు, ఆరు నెలలో ఏడాదో ప్రత్యేక హక్కు, ఆ తర్వాత రచన మీ చేతికే తిరిగి రావడం, ఇది సరైన పద్ధతి. డబ్బు స్వీకరించినప్పుడు ఇస్తారా, అచ్చయ్యాక ఇస్తారా అన్నది కూడా చూడాలి. అచ్చయ్యాక అని ఉన్న పత్రిక ఆగిపోతే రూపాయి రాదు. హారర్ పత్రికల్లో రాసినవాళ్ల దగ్గర చదివే రుసుము తీసుకునే ఆనవాయితీ లేదు, అడిగారంటే దూరంగా ఉండటమే మేలు. 2023 ఫిబ్రవరిలో యంత్రం రాసిన కథలు వెల్లువెత్తి క్లార్క్స్‌వరల్డ్ కొంతకాలం తలుపులు మూసుకోవాల్సి వచ్చింది. ఏఐ వాడలేదని రాతపూర్వకంగా చెప్పమనే పత్రికలు చాలానే ఉన్నాయి, ఆ వాక్యం చదవకుండా టిక్ పెట్టొద్దు.

కథలు మాత్రమే రాసేవాళ్లకు గ్రైండర్ చాలు, డ్యూయోట్రోప్‌కు డబ్బు పెట్టక్కర్లేదు. కవితలు, బొమ్మలు ఉన్నవాళ్లు ఏడాది చందా కట్టకుండా, పది పన్నెండు రచనలు సిద్ధమయ్యాక ఒక్క నెల తీసుకోండి. ఆ నెలలో సరిపోయే పత్రికలు, అవి తెరిచే తేదీలు, గడువులు అన్నీ సొంత ఎక్సెల్ షీటులోకి ఎక్కించుకుని చందా ఆపేయండి. పంపకాల లెక్క గ్రైండర్‌లో కొనసాగించండి, నెలకోసారి దాని నకలు కూడా ఆ షీటులోనే ఉంచుకోండి.