ఒకే ఊరు, ఒక్క రోజు తేడాతో రెండు చర్చిలు: ఏది మేలు?

స్పెయిన్‌లోని కాటలోనియాలో, పిరనీస్ కొండల నడుమ బొయీ లోయలో తాఉల్ అనే చిన్న ఊరుంది. 1123 డిసెంబర్ 10న అక్కడ సాంత్ క్లిమెంత్ చర్చిని ప్రతిష్ఠించారు, మర్నాడే సాంతా మరియాను. చేసింది ఒక్క బిషప్పే, పేరు రామన్. రెండూ రోమనెస్క్ (మధ్యయుగపు యూరప్ రాతి కట్టడాల శైలి) కట్టడాలే, 2000 నుంచి రెండూ యునెస్కో జాబితాలో ఉన్నాయి. ఒక్కదానికే టైమ్ ఉంటే ఎటు వెళ్లాలి?

కట్టడం చూడాలంటే క్లిమెంత్‌కే వెళ్లండి. ఊరి అంచున ఆరంతస్తుల గంట గోపురంతో నిలబడి ఉంటుంది. గోపురం గోడల మీద అంతస్తు అంతస్తుకూ చిన్న చిన్న కమానుల వరస కనిపిస్తుంది. అవి తలుపులూ కావు, కిటికీలూ కావు. గోడకు అందం కోసం రాతితో తీర్చినవి. ఉత్తర ఇటలీలోని లొంబార్డీ పద్ధతి అది. లోపల గుండ్రటి రాతి స్తంభాలు, పైన కొయ్య కప్పు.

మరియా ఊరి మధ్యలో, ఇళ్లను ఆనుకుని ఉంటుంది. ప్లాను దాదాపు అదే. కానీ 18వ శతాబ్దంలో లోపలంతా మార్చేశారు, 1970లలో మళ్లీ పాత రూపుకు తెచ్చారు. ఊరి గుండెలో ఉన్న చర్చి ఎలా ఉంటుందో తెలియాలంటే ఇదే చూడాలి. అయినా నా ఓటు క్లిమెంత్‌కే.

ఈ చర్చిల గోడల మీద ఒకప్పుడున్న బొమ్మల కోసమైతే రెండూ కాదు, బార్సిలోనా మ్యూజియంకు వెళ్లాలి. కాటలోనియాలోనే ముర్ చర్చి గోడ చిత్రాలు అమ్ముడైపోయి అమెరికాలోని బోస్టన్ మ్యూజియం చేరాయి. మిగతావాటికీ అదే గతి పట్టకూడదని 1919–23 మధ్య బార్సిలోనా మ్యూజియంల వాళ్లు ఇటలీ నిపుణులను పిలిపించారు. గోడకు జిగురుతో గుడ్డ అంటించి, ఆరాక లాగితే రంగు పొర గుడ్డతో ఊడి వస్తుంది. దాన్ని చుట్టచుట్టి కంచరగాడిదల మీద కొండ దింపారు. ఊరికి అది నష్టమే. కానీ అలా చేయకపోతే ఆ చిత్రాలు కూడా దేశం దాటేవేమోనని నాకనిపిస్తుంది.

క్లిమెంత్ నుంచి తీసిన చిత్రంలో క్రీస్తు చేతిలో తెరిచిన పుస్తకం ఉంటుంది. దాని మీద లాటిన్‌లో ఉన్న మాట మన తెలుగు బైబిల్ చదివేవాళ్లకు కంఠతా వచ్చిందే: ‘నేను లోకమునకు వెలుగును’. అందరూ ఆ ముఖం ముందే ఆగిపోతారు. మీరు బైబిల్ కథలోని బిచ్చగాడు లాజరు బొమ్మ కూడా వెతకండి. ధనవంతుడి గుమ్మం ముందు ఒంటినిండా పుండ్లతో ఉంటాడు. ఒక కుక్క వాటిని నాకుతూ ఉంటుంది.