రెండంగుళాల బాడీ లిఫ్ట్ కిట్: పాత థార్‌కి అవసరమా?

బెంగళూరు జేసీ రోడ్డులో బాడీ లిఫ్ట్, అంటే బండి బాడీని పైకి లేపే కిట్, అడిగితే చేతికొచ్చేది ఒక సంచి. లేత్ మీద తిప్పిన నల్ల నైలాన్ ముక్కలు, పొడుగు బోల్టులు, వాషర్లు, అంతే. ఇక్కడ చూస్తున్నది 2020కి ముందటి మహీంద్రా థార్ సీఆర్‌డీఈ డీజిల్ జీపుకి అమ్మే రెండంగుళాల సెట్టు.

దీంతో బండి అడుగున ఖాళీ పెరుగుతుందన్న భ్రమ ముందు వదిలించుకోవాలి. ఈ ప్యాకింగ్ ముక్కలు ఛాసిస్‌కీ (బండి కింది ఉక్కు చట్రానికీ) బాడీకీ మధ్య కూర్చుంటాయి. లేచేది బాడీ ఒక్కటే. డిఫరెన్షియల్, గేర్‌బాక్స్, ఛాసిస్ ఉన్నచోటే ఉంటాయి. తలపాగా చుట్టుకుంటే మనిషి ఎత్తుగా కనిపిస్తాడు గానీ, మోకాళ్ల లోతు నీళ్లు మోకాళ్ల లోతే కదా! బాడీ లిఫ్ట్ ఇచ్చేది టైరు పైన ఖాళీ మాత్రమే. టైరు మార్చే ఉద్దేశం లేకపోతే ఈ సంచి కొనకండి.

మార్చేట్టయితే లెక్క ఇదీ. బండితో వచ్చే 235/70 ఆర్16 సైజు టైరు ఎత్తు దాదాపు 735 మిల్లీమీటర్లు, 245/75 ఆర్16ది 774. ఇరుసు కింద కలిసొచ్చేది ఆ తేడాలో సగం, అంటే 19 మిల్లీమీటర్లు. ఫెండర్ (చక్రం పైనుండే రేకు) దగ్గర కావలసిన అదనపు ఖాళీ కూడా అంతే. దానికి ఒక్క అంగుళం ప్యాకింగ్ చాలు. రెండంగుళాలు కావలసింది 265/75 ఆర్16 లాంటి 804 మిల్లీమీటర్ల టైరుకి. అది వేస్తే మీటరు 60 చూపేటప్పుడు బండి 65 దాటి పోతుంటుంది, మొదటి గేరులో లాగుడు తొమ్మిది శాతం దాకా పడిపోతుంది. పూర్తిగా స్టీరింగ్ తిప్పినప్పుడు టైరు ఛాసిస్‌కి రాసుకుంటే మాత్రం ఏ బాడీ లిఫ్టూ ఆపలేదు.

మరి టార్షన్ బార్ (ముందు సస్పెన్షన్‌లో స్ప్రింగులా మెలితిరిగే కడ్డీ) బోల్టు బిగించి ముందు భాగం లేపేస్తే సరిపోదా అంటారు. లేస్తుంది, నిజమే. కానీ చక్రాన్ని పట్టుకునే సస్పెన్షన్ ఆర్ములు కిందికి వాలి, యాక్సిల్ జాయింట్ల కోణం పెరిగి, రబ్బరు బూట్లు తొందరగా చిరుగుతాయి. చక్రం కిందికి దిగే ప్రయాణం తగ్గి గుంతల్లో దడదడలాడుతుంది. బాడీ లిఫ్ట్ వీటి జోలికి పోదు. దాని అసలు గొప్పతనం అదే.

సంచిలో ముక్కలు ఫర్వాలేదు, బోల్టులే అనుమానం. తల మీద 8.8, 10.9 లాంటి గ్రేడ్ (బలం) అంకె లేని బోల్టు పారేయండి. పాత బోల్టు గ్రేడ్ కంటే తక్కువది వేయకూడదు. పొడవు పాతదానికంటే సరిగ్గా ప్యాకింగ్ మందమంత ఎక్కువ ఉండాలి. ముక్కల ఎత్తు వెర్నియర్‌తో కొలవండి, అర మిల్లీమీటరు తేడా వచ్చినా వెనక్కిచ్చేయండి. ఒక్కోటి ఒకే ముక్కగా ఉండాలి. రెండు పేర్చితే పక్కబరువు పడి బోల్టు వంగుతుంది. బాడీ ఛాసిస్ మీద కూర్చునే చోట్ల ఉండే పాత మౌంట్ రబ్బర్లు పగిలుంటే ఇప్పుడే మార్చాలి.

బిగింపుకి రెండు రోజుల ముందునుంచే మౌంట్ బోల్టులకు తుప్పు వదిలించే ఆయిల్ కొట్టండి. బలవంతం చేస్తే బాడీకి వెల్డింగ్ చేసిన నట్టు ఊడి తిరిగిపోతుంది, అప్పుడు ఫ్లోర్ కోయాల్సిందే. బ్యాటరీ ఎర్త్ తీసి, ఒకవైపు బోల్టులు వదులు చేసి ఉంచండి, పూర్తిగా తీయొద్దు. రెండోవైపు తీసి, మౌంట్ దగ్గర చెక్కపలక పెట్టి, జాకీతో ముక్క పట్టేంత మేర మాత్రమే లేపండి. ఉత్త రేకు మీద జాకీ పెడితే సొట్ట ఖాయం. అన్ని బోల్టులూ చేత్తో ఎక్కాకే టార్క్ రెంచ్ పట్టాలి. 500 కిలోమీటర్లకు మళ్లీ బిగించండి.

లేపేటప్పుడు ఒక మనిషి బానెట్ కిందే చూస్తుండాలి. స్టీరింగ్ షాఫ్ట్ జారే జాయింట్ ఎంత బయటికొచ్చిందో చూసి, స్ప్లైన్ (షాఫ్ట్ పళ్ల) పట్టు చాలకపోతే ఆపేయాలి. షాఫ్ట్‌కి వెల్డింగ్ ముక్క అతికిస్తానన్న మెకానిక్‌కి దండం పెట్టి వచ్చేయండి. రేడియేటర్ బాడీతో లేస్తే ఫ్యాన్ చుట్టూ ఉండే ష్రౌడ్ తొడుగు అడుగు భాగం ఫ్యాన్ రెక్కలకు తగులుతుంది. బ్రేకు, క్లచ్ గొట్టాలు, డీజిల్ పోసే గొట్టం, ఎర్త్ పట్టీ, హ్యాండ్‌బ్రేక్ కేబుల్ బిగుసుకుంటాయి. రెండు గేర్ లివర్లూ ఫ్లోర్‌లోకి దిగినట్టయి ఫోర్ వీల్ సరిగా పడదు. ఒక అంగుళంతో ఇవి చాలావరకు సర్దుకుంటాయి, రెండంగుళాలకు ఒక్కోటీ విడి పనే. బంపరుకీ గ్రిల్‌కీ మధ్య తెరుచుకున్న సందు సంగతి సరేసరి.

చట్టం విషయానికొస్తే, మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్, దానిపై 2019 సుప్రీంకోర్టు తీర్పు తయారీదారు ఇచ్చిన రూపాన్ని మార్చడానికి ఒప్పుకోవు. అదే చట్టం 182ఏ సెక్షన్ కింద ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు. ప్రమాదం జరిగితే బీమా కంపెనీ కూడా పేచీ పెట్టవచ్చు.

ఇప్పటికే రెండంగుళాల సెట్టు కొనేసినవాళ్లు బెంగళూరు పారిశ్రామిక ప్రాంతం పీణ్యలో ఏదైనా లేత్ షాపులో ముక్కల్ని 25 మిల్లీమీటర్లకు, అంటే అంగుళానికి, కోయించుకోవచ్చు. రెండు ముఖాలూ సమాంతరంగా తిప్పమనండి. బోల్టులు మాత్రం మళ్లీ కొనాల్సిందే. సంచిలోవి అంగుళం ఎక్కువై, మొన పైనున్న రేకుకి తగులుతుంది.