పాత సమాధుల నాచుకు రొయ్యల చెరువు మందు: బీకేసీ ఎంతవరకు పనికొస్తుంది?

నవంబరు 2న సమాధుల పండుగ. దానికి నాలుగు రోజుల ముందు శ్మశానానికి బాత్రూం యాసిడ్ సీసా పట్టుకెళ్లేవాళ్లు ఇంకా ఉన్నారు. గంటలో సమాధి తెల్లబడుతుంది, నిజమే. పైపొర కరిగిపోతేనే ఆ తెలుపు వచ్చింది. సున్నపు గచ్చయినా పాలరాయయినా కాల్షియం కార్బొనేటే. యాసిడ్ పడితే బుసబుస పొంగి కరుగుతుంది. ముందు పోయేది అక్షరాల అంచులే.

ఒడిశాలోని గంజాం తీరంలో, అంటే బరంపురం, గోపాల్‌పూర్, ఛత్రపూర్ వైపు, పాత చర్చి సమాధులకు, కుటుంబ సమాధులకు మేం సూచించేది బీకేసీ. పూర్తి పేరు బెంజాల్కోనియం క్లోరైడ్. రొయ్యల చెరువుల మందుల షాపుల్లో 50 శాతం, 80 శాతం రకాలు దొరుకుతాయి. రంగు, సువాసన కలిపినవి వద్దు.

2 శాతం ద్రావణం సరిపోతుంది. 50 శాతం మందయితే 40 మి.లీ.కి 960 మి.లీ. నీళ్లు, 80 శాతమైతే 25 మి.లీ.కి 975. ఒక లీటరు 50 శాతం మందుతో 25 లీటర్ల ద్రావణం తయారవుతుంది. ఓ మోస్తరు సమాధికి రెండు మూడు లీటర్లు చాలు కాబట్టి నాలుగైదు కుటుంబాలు కలిసి కొనుక్కోవడం మేలు.

పొడి రాయి మీద, ఎండ తగ్గాక కొట్టాలి. ఎండలో కొడితే లోపలికి ఇంకకముందే ఆరిపోతుంది. మర్నాడు నైలాన్ బ్రష్‌తో మెల్లగా రుద్ది, మంచినీళ్లతో కడగాలి. సబ్బు నీళ్లు ముందు గానీ తర్వాత గానీ వాడొద్దు, రెండూ కలిస్తే మందు విరిగిపోతుంది. ఇనుప బ్రష్ అసలే వద్దు: పాలరాతి పలకల్లో సీసం పోసిన అక్షరాలు ఊడొస్తాయి. గచ్చుని వేలితో నొక్కితే పొడి రాలుతోందా? దాన్ని వదిలేయండి, ముందు మేస్త్రీ పని ఉంది. మెత్తబడి పొరలు లేస్తున్న ఖొండలైట్ రాయికీ అంతే.

పచ్చ నాచుకు అయిదుకు నాలుగున్నర మార్కులు. కొద్ది రోజుల్లో గోధుమ రంగుకు మారి రాలిపోతుంది. బూడిద రంగు పొలుసుల్లా అతుక్కునే లైకెన్‌కు మూడే. చచ్చినా పట్టు వదలదు, ఊడిరావడానికి నెలలు పడుతుంది. గోకితే రాయే లేస్తుంది. అందుకే లైకెన్ ఉన్నచోట ఫిబ్రవరి, మార్చి నెలల్లో మందు కొట్టి మిగతాది వానలకు వదిలేయడం నయం. పండుగ కోసమే అయితే దసరా తర్వాత, వరసగా రెండు పొడి రోజులు చూసుకుని కొట్టాలి. అక్టోబరు ఇక్కడ తుపానుల నెల కూడా: ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది 2013 అక్టోబరు 12న. ఇనుప కొక్కేల తుప్పు మరకకు మాత్రం సున్నా. ఆ పని దీని వల్ల కాదు.

చేతికి గ్లౌజులు, కంటికి అద్దాలు తప్పనిసరి. చేపలకు, రొయ్యలకు ఈ గాఢతలో విషమే. కడిగిన నీళ్లు చెరువులోకో బావిలోకో పారనివ్వొద్దు. పని మొదలుపెట్టే ముందు చర్చి కమిటీ అనుమతి తీసుకోవాలి, పక్క సమాధి వాళ్లకూ చెప్పాలి.

శుభ్రం చేశాక పగుళ్లు బయటపడతాయి. అక్కడ సిమెంటు మెత్తితే లోపలి తేమ, సముద్రపు ఉప్పు బయటికి రాలేక చుట్టూ ఉన్న పాత గచ్చుని పెళ్లలుగా ఊడగొడతాయి. నానబెట్టిన సున్నం, జల్లించిన ఏటి ఇసుక కలిపి పూయించండి. సముద్రపు ఇసుక వద్దు.